నాంపల్లిలో అయిదు రోజులు

సోమవారం, మార్చి 10, 2025

గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో దించేసరికి అప్పుడే తెల్లారుతోంది. బ్యాగులో రెండు జతల బట్టలు, బాబాయి కోసం పిన్ని పంపిన కందిపొడి (ఆయన మింగలేడని తెలిసీ పంపింది, అదో సంగతి), బైబిలు, ఇంకా రెండొందల కరపత్రాల కట్ట. ఆ కట్టని మా సంఘపెద్ద ఒకాయన పనిగట్టుకొని సామర్లకోట స్టేషన్‌కి వచ్చి మరీ నా చేతిలో పెట్టాడు. "ఆసుపత్రికి వెళ్తున్నావు కదా, అక్కడ మనసులు మెత్తగా ఉంటాయి" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు మామూలుగానే వినిపించింది.

బాబాయికి గొంతు క్యాన్సర్. ఆర్టీసీలో కండక్టరుగా ఇరవై ఎనిమిదేళ్లు చేస్తే అందులో ఇరవయ్యేళ్లకు పైగా హైదరాబాద్ సిటీ బస్సుల్లోనే. అందుకని వైద్యం ఎక్కడ చేయిద్దాం అంటే ఇంకో ఊరి పేరే ఎత్తలేదు, నా ఊరికి తీసుకెళ్లండి అన్నాడు. నాంపల్లి దగ్గర రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, దానికి నడిచే దూరంలో ఒక సందులో గది అద్దెకు తీసుకున్నారు. వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, బెంగళూరు నుంచి వచ్చి నెల రోజులుగా ఆయన్ని చూసుకుంటున్నాడు. వాడు ఆఫీసులో మొహం చూపించక తప్పని వారం ఒకటి వచ్చింది కాబట్టి ఆ వారానికి నేను.

ఇక్కడ రేడియేషన్ అని ఎవరూ అనరు, కరెంటు అంటారు. "మీకు ఎన్ని కరెంట్లు అయినయి?" అన్నదే పలకరింపు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, శని ఆదివారాలు సెలవు. బాబాయికి ముప్పై మూడు రాశారు, నేను వెళ్లేసరికి ఇరవై ఒకటి అయ్యాయి. లోపల పది పదిహేను నిమిషాలే, కూర్చోవడమే ఎక్కువ. తల కదలకుండా ఉండటానికి ఒక మాస్కు ఉంటుంది. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని మొదటి రోజు ముఖం మీద పరిస్తే అది ఆ ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది, ఇక రోజూ దాన్నే తొడిగి బల్లకి బిగిస్తారు. తలుపు తెరుచుకున్నప్పుడు లోపల అర ఒకటి కనిపించింది, దాని నిండా వరసగా మాస్కులు. మొనదేలిన ముక్కు, చప్పిడి ముక్కు, పొడుగు గడ్డం. ఒక్కోదాని నుదుటి మీద టేపు, టేపు మీద పేరు, నంబరు. బాబాయి మాస్కుని నేను పేరు చూడకుండానే గుర్తుపట్టాను.

మా పక్కన మెదక్ వైపు నుంచి వచ్చిన కుటుంబం కూర్చుంది. పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి, భార్యకి గర్భసంచి క్యాన్సర్, డిగ్రీ చదివే కూతురు. ఆవిడని వార్డు నుంచి చక్రాల కుర్చీలో కిందికి తీసుకొచ్చారు. నొప్పికి సన్నగా మూలుగుతోంది, పక్కవాళ్లకి వినపడకూడదని పైట కొంగు నోట్లో పెట్టుకొని మరీ. నేను ఆగలేకపోయాను. లేచి వెళ్లి ఆవిడ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను.

అడగలేదు. మా వైపు సంఘాల్లో అడిగే అలవాటు లేదు, అడగడం అంటే విశ్వాసం తక్కువైనట్టు. పైగా నా గొంతు పెద్దది, మైకు లేకుండా పాట ఎత్తుకునే గొంతు. మధ్యలో కళ్లు తెరిస్తే ఆవిడ ముంజేతికి ఎర్రదారం కనిపించింది. నోటికి అలవాటైపోయిన మాట అదంతట అదే వచ్చేసింది: "ఈ బంధకాలన్నీ తెంచెయ్యి ప్రభువా!"

ఆమెన్ అన్నాను. ఇంకెవరూ అనలేదు. పెద్దాయన తలొంచుకొని తువ్వాలు మడత పెట్టుకుంటున్నాడు, పెట్టిన మడతే మళ్లీ విప్పి పెడుతున్నాడు. కూతురి చేతిలో ఒక కరపత్రం పెట్టి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు చాలా హాయిగా ఉంది.

మంగళవారం

బాబాయి మాట్లాడటం దాదాపు మానేశాడు. నోరంతా పుండ్లు, ఉమ్మి కూడా ఊరదు. అందుకని రూళ్ల నోటుబుక్కు, దారం కట్టిన పెన్సిల్ ఒకటి ఎప్పుడూ ఒళ్లో ఉంటాయి. ఏది రాసినా వేబిల్లు రాసినట్టు పొట్టిగా రాస్తాడు. పొద్దున టీ కలిపి ఇస్తుంటే పుస్తకం నా వైపు తిప్పాడు. ఒకే మాట.

"అడిగావా?"

ఏం అడగాలి బాబాయ్ అన్నాను. కింద ఇంకో వరస రాశాడు. "బర్తిమయి గుడ్డివాడని చూస్తే తెలియదా? అయినా ప్రభువు అడిగాడు. నీకేం కావాలి అని."

నాకు కోపం వచ్చింది. ఆదివారం బడి నుంచి చెప్పుకుంటున్న కథ, యెరికో దారిలో కూర్చున్న బిచ్చగాడు, నాకు తెలియనిదా? నేను చేసింది మంచే కదా, ఆవిడ బాధ చూడలేకే కదా. ఇదంతా పైకి అన్నాను కూడా. ఆయన పుస్తకం మూసేసి టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. జబ్బు మనిషితో వాదన పెట్టుకునే మూర్ఖుణ్ని చూస్తున్నట్టు చూశాడు, అంతే.

ఆసుపత్రిలో వేడినీళ్ల దగ్గర ఆ అమ్మాయి కలిసింది. ఫ్లాస్కు పట్టుకొని నా వెనకే నిలబడింది. "అంకుల్, ఏమనుకోవద్దు" అంది. "రాత్రంత అమ్మ నిద్రపోలే. ఆ దారం మీద ఇంకో చెయ్యి పెట్టుకొనే పండుకున్నది. మీ ప్రార్థనకు తెగుతదేమోనని భయం." తర్వాత, నేనేదో అడిగినట్టుగా, ఆ దారం సంగతి కూడా చెప్పింది. మొన్న శివరాత్రికి ఏడుపాయల జాతరలో, దుర్గమ్మ గుడి దగ్గర కట్టించుకుందట. అప్పటికే నడవలేదు, అయినా పోవాల్సిందేనని పట్టుబట్టి వెళ్లింది. మంజీర ఏడు పాయలుగా చీలే చోట నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చుందట చాలాసేపు.

నా చెవులు వేడెక్కాయి. ఫ్లాస్కులో నీళ్లు నిండి పొర్లుతున్నాయి, అమ్మాయే కుళాయి కట్టేసింది. ఒక ఆడమనిషి, ఒంట్లో రక్తం లేదు, రాత్రి నిద్ర ఒక్కటే ఆవిడకి దొరికే సుఖం, దాన్ని నేను లాగేసుకున్నాను, అదీ యేసు పేరు మీద. ఇప్పటికి నా జీవితంలో ఎంతమంది తలల మీద ఇలా చేతులు పెట్టానో లెక్క లేదు. వాళ్లు ఇళ్లకి వెళ్లి ఎలా పడుకున్నారో నేనెప్పుడూ విచారించలేదు.

మధ్యాహ్నం బాబాయి నిద్రపోయే ముందు పుస్తకంలో రాసి చూపించాడు: "గదిలో కూర్చోకు. మూసారాంబాగ్. రేమండ్ సమాధి. చూసిరా." నాంపల్లిలో మెట్రో ఎక్కితే మారే పనిలేదు, అదే రైలు మూసారాంబాగ్ తీసుకెళ్తుంది. అక్కడి నుంచి అస్మాన్‌గఢ్ గుట్టకి ఆటో. ఆటో అతనికి రేమండ్ అంటే అర్థం కాలేదు, "గుట్ట మీద దొర సమాధి" అంటే ఆఁ అన్నాడు.

రేమండ్ ఫ్రెంచివాడు, రెండో నిజాం అలీఖాన్ దగ్గర సేనాని. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అంటున్నామే, పాతవాళ్లు తోప్ కా సాంచా అంటారు, ఫిరంగులు పోతపోసిన ఆ ఖార్ఖానా ఈయన పెట్టించిందే. ఇప్పుడు ఆ పేటలోనే సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ ఉంది. 1798 మార్చి 25న పోయాడు. సిపాయిలనీ జనాన్నీ బాగా చూసుకున్నాడని చెప్పుకుంటారు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు, పేట పేరు మూసారాంబాగ్ అయింది. ఏటా ఆయన పోయిన రోజున ఉర్సులాగా జనం వచ్చి సాంబ్రాణి వెలిగించేవారట. బాబాయి ఆ స్టాపు పేరు కొన్ని వేలసార్లు అరిచి ఉంటాడు.

చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఎత్తయిన రాతి స్తంభం, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు, పక్కన స్తంభాల మండపం. అసలు మండపం 2001 వానలకి కూలిపోతే ఇది మళ్లీ కట్టింది. నలుగురు కుర్రాళ్లు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతున్నారు, ఎండ మాడిపోతోంది, నీడన ఒక కుక్క. అరుగు మీద కూర్చుంటే నవ్వొచ్చింది. ఈయన పాస్టర్ కాదు, మిషనరీ కాదు, ఒక్క కరపత్రం పంచినవాడు కాదు, చేసిన పని చూస్తే ఫిరంగులు. ఇలాంటి మనిషిని మా వాళ్ల లెక్కలో నామకార్థ క్రైస్తవుడు అంటాం, అది పొగడ్త కాదు. ఆయన పేరు పక్కన ఊరివాళ్లు రాముణ్ని పెట్టుకున్నారు, రహీముణ్ని పెట్టుకున్నారు. మా వీధిలో హిందువులు నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు. "పొద్దున్నే మైకు పెట్టే ఆయన".

బుధవారం

క్షమాపణ మీద నేను మా సంఘంలో మూడుసార్లు వాక్యం చెప్పాను, అందులో ఒకటి గంటన్నర. ఈరోజు ఆ పెద్దాయన ముందు నిలబడితే నోరు పెగల్లేదు.

ఆవిడని లోపలికి తీసుకెళ్లారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నా గోడవారన నేలమీద కూర్చున్నాడు. నేనూ వెళ్లి నేలమీదే కూర్చున్నాను. బైబిల్లో కష్టాలపాలైన యోబు, అతని స్నేహితులు గుర్తొచ్చారు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు, అక్కడిదాకా వాళ్లంత మంచివాళ్లు లేరు, నోరు తెరిచాకే అంతా పాడు చేశారు. ఒక పావుగంట అలాగే కూర్చున్నాక "అన్నా, మొన్న నేను చేసింది తప్పు. అడక్కుండా ముట్టుకున్నాను, అనకూడని మాట అన్నాను. అమ్మగారికి కూడా చెప్పాలి, మీరు సరే అంటేనే" అన్నాను.

"పోనియ్యి సారూ, మంచికే అంటివి" అన్నాడు. తర్వాత కాసేపాగి, "గని గా దారం పూజారి కట్టలే. నేనే కట్టిన" అన్నాడు.

దానికి ఏం చెప్పాలో తెలియలేదు. అదృష్టం, ఏమీ చెప్పలేదు.

ఆయనే మాట మార్చాడు. మీది ఏ చర్చి, మా మెదక్ చర్చి చూసినవా అన్నాడు. లేదన్నాను. సిగ్గుచేటు, ఇన్నిసార్లు హైదరాబాద్ వచ్చి వంద కిలోమీటర్లు వెళ్లలేదు. ఆయన ప్రతి క్రిస్మస్‌కీ వెళ్తాడట, చిన్నప్పటి నుంచి, పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకొని మరీ తీసుకెళ్లాడట. "మా తాత గా చర్చికి రాళ్లు మోసిండు" అన్నాడు. ఆ చర్చి కట్టించిన పోస్నెట్ దొర కథ నాకు పుస్తకాల్లో తెలుసు. కరువు రోజుల్లో ఊరికే గంజి పోస్తే జనం చిన్నబుచ్చుకుంటారని పని కల్పించి తిండి పెట్టాడు, 1914లో మొదలైన గుడి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. గంట గోపురం 175 అడుగులు. ఈ అంకెలన్నీ నేను క్విజ్‌లో చెప్పినవే. రాళ్లు మోసినవాళ్ల మనవడి పక్కన కూర్చోవడం మాత్రం ఇదే మొదలు.

"మరి మీ తాత కలిశాడా మతంలో?" అని అడిగాను, అలవాటు చావదు.

"కలువలే. అడిగిన్రట. మా తాత నాకు మా దుర్గమ్మ ఉన్నది అన్నడట. అయితే రేపు పనికి రా అన్నరట."

ఆ చివరి ముక్క చెప్తూ ఆయన నవ్వాడు. కింది పలువరసలో రెండు పళ్లు లేవు. ఆ నవ్వు చూశాక గాని నాకు ఊపిరాడలేదు. నిజానికి తిండి కోసం మారినవాళ్లు అనే మాట మా తాతల కాలం నుంచి మేం పడుతూనే ఉన్నాం. అది ఎంత గుచ్చుకుంటుందో క్రైస్తవ ఇంట్లో పుట్టినవాడికే తెలుసు. మేం దానికి జవాబు చెప్పడంలోనే ఇన్నేళ్లు గడిపాం. మారకుండా తిని, తిన్న ఇంటిని మూడు తరాలు గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారని మాలో ఎవరూ చెప్పగా వినలేదు.

మధ్యాహ్నం బాబాయి రాసిచ్చిన చీటీ ప్రకారం అఫ్జల్‌గంజ్, ఉస్మానియా దవాఖానా ఆవరణలో చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా ఈ చెట్టెక్కి బతికారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా స్వయంగా నది ఒడ్డుకి వచ్చి పట్టుచీర, పసుపు కుంకుమలతో మూసమ్మకి హారతిచ్చాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజాం ముస్లిం. జనం ఏడుస్తున్నారు, అమ్మవారు శాంతిస్తుందని వాళ్ల నమ్మకం, ఆయన వెళ్లి నిలబడ్డాడు. మా సంఘంలో అయితే మరుసటి ఆదివారం ఆయన మీద క్రమశిక్షణ తీసుకునేవాళ్లు, తీర్మానం రాసేది బహుశా నేనే. ఆయన చేసింది సరైనదా అంటే నేను ఇప్పటికీ అవునని అనలేను. కాని చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను.

సాయంత్రం అబిడ్స్ వైపు ఒక చర్చిలో శ్రమకాలం కూటం, అంటే ఈస్టరుకి ముందు మేం ఉపవాసం ఉండే రోజుల ప్రార్థన. ఈ ఏడాది రంజాన్ 2న మొదలైతే మన శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం 5న వచ్చింది, రెండు ఉపవాసాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ప్రసంగీకుడు బాగా చెప్పాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ కథ, ముట్టుకోవడానికే జనం భయపడే రోగులకి ఆమె చేసిన సేవ. నాకు కళ్లు చెమర్చాయి. గదికి వచ్చి బాబాయికి అంతా ఉత్సాహంగా చెప్పాను. ఆయన పెన్సిల్ తీశాడు.

"నర్సాగౌడ్ పేరు చెప్పాడా?"

లేదు, ఎవరు ఆయన అన్నాను. రాజా నర్సాగౌడ్, నిజామాబాద్ హిందువు, ఆ ఆసుపత్రి లేవడానికి పెద్ద విరాళం ఇచ్చిన మనిషి. బాబాయికి ఇవన్నీ ఎలా తెలుసో నాకు తెలియదు. టికెట్లు కొడుతూ ఇరవయ్యేళ్లు నిలబడితే తెలుస్తాయేమో. మన సాక్ష్యాల్లో ఎప్పుడూ మనమే ఇస్తాం, ఎదుటివాళ్లు పుచ్చుకుంటారు. ఇచ్చిన చెయ్యి వాళ్లదైతే ఆ పేరు చెప్పకుండా దాటిపోతాం.

గురువారం

ఈరోజు బాబాయికి ఇరవై అయిదో కరెంటు. పొద్దున మెదక్ ఆవిడ దగ్గరికి, ఆయన రమ్మంటేనే, వెళ్లాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, కళ్లు మూసుకొని తల ఊపింది. ఆ తల ఊపడం క్షమించానన్నట్టో, ఇక వెళ్లు అన్నట్టో తెలియలేదు. మంచం పక్క బల్లమీద నేనిచ్చిన కరపత్రం కనిపించింది. వెనకవైపు ఖాళీ మీద కూతురు మందుల టైములు రాసుకుంది. పొద్దున 8, మధ్యాహ్నం 2, రాత్రి 9. ముందువైపు "నీవు నశించిపోతున్నావా?" అని పెద్దక్షరాలు. దాన్ని తిప్పి, టైములు పైకి ఉండేలా పెట్టి వచ్చాను.

సాయంత్రం బాబాయి తనే చెప్పులేసుకున్నాడు. యూసుఫైన్ దర్గాకి, నాంపల్లిలోదే, తను కూడా వస్తాడట. కండక్టరుగా ఉన్నప్పుడు గురువారం వస్తే ఈ స్టాపులో బస్సు సగం ఖాళీ అయ్యేదట, బురఖాలు, బొట్లు, గులాబీల పొట్లాలు. యూసుఫ్, షరీఫ్ అని ఇద్దరు సూఫీలు, ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా గోల్కొండ ముట్టడికి వచ్చినవాళ్లు. గాలివానకి దండులో గుడారాలన్నీ ఎగిరిపోయిన రాత్రి వీళ్ల గుడారం మాత్రం నిలిచిందట, లోపల దీపం కదలకుండా వెలుగుతుంటే కూర్చొని ఖురాను చదువుకుంటున్నారట, అదీ కథ.

నాకు లోపలికి వెళ్లడానికి కాళ్లాడలేదు. సమాధి దగ్గర నిలబడటం అంటే చిన్నప్పటి నుంచి నూరిపోసింది గుర్తొస్తుంది. బాబాయి మాత్రం చెప్పులు విడిచి ఒక పక్కగా అరుగు మీద కూర్చున్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకొని, మా ఊరి చర్చిలో కూర్చున్నట్టే. మొక్కలేదు, దండం పెట్టలేదు. అలాగని చుట్టూ వింతగా చూడనూ లేదు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆరున్నర అవుతుండగా గుడ్డలు పరిచారు, ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, మిర్చి బజ్జీలు. సైరన్ మోగే ముందు ఒక నిమిషం ఉంటుంది చూశారూ, అన్నీ ఎదురుగా ఉండి, వందమంది ఆకలితో ఉండి, ఒక్క చెయ్యి కూడా కదలదు. నేను రోజంతా టీలు తాగుతూ చేసే నా ఉపవాసం గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఒక కుర్రాడు, పద్దెనిమిదేళ్లుంటాయేమో, మా ముందు ఖర్జూరాలు పెట్టాడు. బాబాయి వద్దని గొంతు చూపించాడు. మెడమీద చర్మం కరెంటుకి నల్లగా కమిలి ఉంది. కుర్రాడు చూశాడు, వంగి హిందీలో అడిగాడు: "చాచా, చల్లగా ఉంటే దిగుతుందా? పాలు తేనా?" బాబాయి తల ఊపాడు. గులాబీ రంగు పాలు తెచ్చాడు, ఐసు ముక్కలు తీసేసి. బాబాయి ఆ గ్లాసు పావుగంట తాగాడు. గ్లాసు తిరిగిచ్చేటప్పుడు, మూడు రోజుల్లో నేను విన్న మొదటి మాట ఆయన నోటి నుంచి వచ్చింది, అదీ ఉర్దూలో, బొంగురుగా. "జీతే రహో బేటా."

గదికి నడుస్తుంటే దారిలో ఒక మలుపులో కామదహనానికి కట్టెలు పేరుస్తున్నారు. అడిగాను, బాబాయ్, అక్కడ కూర్చొని ప్రార్థన చేశావా అని. వీధి దీపం కింద ఆగి మరీ రాశాడు. "చేశాను. ఆ పిల్లాడి కోసం. వాడికి చెప్పలేదు."

శుక్రవారం

హోలీ సెలవు, కరెంటు లేదు. రంజాన్ రెండో శుక్రవారం కూడా ఇదే రోజు పడింది. పోలీసులు మసీదుల దగ్గర పొద్దున్నే బారికేడ్లు పెట్టేశారు, పేపర్లో టెన్షన్ అని రాశారు. నాంపల్లిలో నేను చూసినంతవరకు రంగులు పూసుకున్న పిల్లలూ తెల్ల కుర్తాలూ ఒకే పాల బండి దగ్గర క్యూ కట్టారు. తెల్ల కుర్తాలు కాస్త ఎడంగా నిలబడ్డాయి, అది సహజమే.

తమ్ముడు మధ్యాహ్నం దిగాడు. నా సామాను సర్దుకున్నాను, నూట తొంభై తొమ్మిది కరపత్రాలతో సహా. సంఘపెద్దకి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. అన్నీ పంచేశానని అబద్ధం చెప్పలేను, నేను నేర్చుకున్నది ఇదీ అని చెప్తే వచ్చే ఆదివారం నాకోసమే ప్రార్థన పెట్టిస్తాడు. ప్రభువుని గురించి చెప్పడం మానేస్తానా అంటే, మానను. ఆ మాట బాబాయితోనూ అన్నాను. మానమని ఎవరన్నార్రా అన్నట్టు చూశాడు.

సాయంత్రం గది తలుపు తట్టిన చప్పుడైంది. మెదక్ పెద్దాయన, చొక్కా మీద అక్కడక్కడా ఆకుపచ్చ రంగు, ఎవరో పిల్లలు చల్లి ఉంటారు. చేతిలో రెండు పొట్లాలు. కూతురు పొద్దున బిర్లా మందిర్ వెళ్లి వచ్చిందట.

ఒక్క క్షణం నాకు గొంతులో తడారిపోయింది. ప్రసాదం. పుట్టి బుద్ధెరిగాక ముట్టింది లేదు. పెళ్లిళ్లలో, ఆఫీసులో, పక్కింట్లో, ఎన్నిసార్లు చెయ్యి వెనక్కి లాక్కున్నానో, లాక్కున్న ప్రతిసారీ ఎదుటి మొహం ఎలా వాడిపోయేదో నాకు తెలుసు. కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు దీని మీద అధ్యాయాలే రాశాడు, అవన్నీ నాకు కంఠతా వచ్చు, ఆ గుమ్మంలో ఒక్కటీ పనికి రాలేదు. ఈయన తెచ్చింది తీసుకోకపోతే మనిషిని కాను, తీసుకొని తింటే నా మనసు ఒప్పుకోదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం అనుకొని, "అన్నా, ఏమనుకోవద్దు, మా దాంట్లో..." అని మొదలుపెట్టాను.

"ఎరుకే సారూ" అన్నాడు. ఒక పొట్లం తన చంకలో పెట్టుకున్నాడు. "ఇది మేం తింటం. ఇది అట్టిదే, బండి మీద కొన్న. గుళ్లె పెట్టలే." రెండోది నా చేతుల్లో పెట్టాడు. ఆరు అరటిపళ్లు, బాగా మగ్గినవి, తొక్క మీద నల్ల మచ్చలు. "నీ కోసం గాదు, మీ బాబాయికి. మెత్తగుంటయి గదా. తినొచ్చునా మరి? డాక్టరును అడిగిన్రా?"

అడగలేదు. తమ్ముడు అప్పటికప్పుడు వార్డులో సిస్టర్‌కి ఫోన్ చేశాడు, మెత్తగా చిదిమి పాలల్లో కలిపి పెట్టమంది. పెద్దాయన గుమ్మంలోనే నిలబడి, బాబాయి మొదటి చెంచా మింగేదాకా చూశాడు. బాబాయికి మింగుడుపడటానికి చాలాసేపు పట్టింది. తర్వాత పుస్తకం తీసి ఏదో రాసి ఆయన వైపు తిప్పాడు. ఆయనకి చదవడం రాదు. నన్ను చదవమన్నట్టు చూశాడు.

"మీ ఇంటావిడ పేరేంటి? ప్రార్థనలో తలుచుకోవచ్చా?"

చదివాను. ఆయన కాసేపు ఆలోచించాడు. పేరు చెప్పాడు, నేను ఇక్కడ రాయను. "దానికి ఎరుక జేసి చెప్త" అన్నాడు, "అది సరే అంటే సరే."

గౌతమి లింగంపల్లి నుంచి వచ్చేసరికి తొమ్మిది దాటింది. వరంగల్ దగ్గర ఫోన్ మోగింది, తమ్ముడు. మెదక్ అమ్మాయి వచ్చి చెప్పి వెళ్లిందట, వాళ్లమ్మ సరే అందని, కాని గట్టిగా వద్దు, మెల్లగా చేసుకొమ్మన్నదని.